పాత పెద్ద లేత్‌ని ఇంటి షెడ్డులో నిలబెట్టి, ఇంటి కరెంటు మీద తిప్పడం: కొనే దగ్గర్నుంచి పెయింటు దాకా

సీఎన్‌సీ మిషన్లు వచ్చాక బాలానగర్, జీడిమెట్ల షాపుల్లోంచి, విజయవాడ ఆటోనగర్‌లోంచి పాత లేత్‌లు (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్లు) ఒక్కొక్కటిగా బయటికొస్తున్నాయి. మైసూర్ కిర్లోస్కర్ హరిహర్‌లో చేసినవి, బెంగళూరు హెచ్‌ఎంటీవి, ఇంకా బటాలా, లూధియానా, రాజ్‌కోట్‌ల నుంచి ఎప్పుడో దిగిన బెల్టు లేత్‌లు. ఆరడుగులు, ఎనిమిదడుగుల బెడ్ (మిగతా భాగాలు కూర్చునే పొడవాటి పట్టాలు), టన్నో టన్నున్నరో బరువు. మంచి మిషన్ ఒక్కోసారి తుక్కు ధరకు కాస్త పైనే దొరుకుతుంది. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ప్రభుత్వ సంస్థలు పాత సామాను వేలం వేసినప్పుడు ఎంఎస్‌టీసీ (ప్రభుత్వ ఆన్‌లైన్ వేలం సంస్థ) సైట్‌లో కూడా కనబడతాయి. కాలేజీ లేత్ అయితే ఇంకా మంచిది, ఎందుకంటే పిల్లలు దాని మీద స్టెప్ టర్నింగ్, టేపర్ టర్నింగ్ తప్ప పెద్దగా చేసి ఉండరు.

కొన్నవాళ్ళలో చాలామంది చేసేదేంటంటే, ఇంటికి రాగానే మొత్తం విప్పేసి పెయింటు గీకడం మొదలుపెడతారు. సగంలో ఉత్సాహం పోతుంది, గేర్లు ఒక బకెట్లో, బోల్టులు ఇంకో డబ్బాలో, చివరికి మళ్ళీ పాత సామాన్ల వాడి దగ్గరికే. నేను చెప్పే వరుస దీనికి తలకిందులు. ముందు కొలవండి, తర్వాత కరెంటిచ్చి తిప్పండి, తిరిగేటప్పుడు ఏది ఇబ్బంది పెట్టిందో దాన్నే విప్పండి. పెయింటు అన్నిటికన్నా ఆఖరు.

కొనేటప్పుడు చూడాల్సినవి

పెయింటు, తుప్పు చూసి బేరం ఆడకండి. పైపైన తుప్పు డీజిల్‌తో పోతుంది. పోనివి రెండు: బెడ్ అరుగుదల, హెడ్‌స్టాక్‌లో, అంటే ఎడమ చివరి గేర్ల పెట్టెలో, విరిగిన గేర్లు.

బెడ్ ఎప్పుడూ చక్ (జాబ్‌ని, అంటే చెక్కే ముక్కని, పట్టుకుని తిరిగే దవడలు) దగ్గరే అరుగుతుంది, ఎందుకంటే పని తొంభై పాళ్ళు అక్కడే జరుగుతుంది. క్యారేజ్‌ని (టూల్‌ని మోసే బండిని) చక్ దగ్గరికి తెచ్చి, క్యారేజ్ లాక్ బోల్టును చేత్తో తోస్తే కాస్త బిగువుగా కదిలేంత మాత్రం బిగించండి. ఇప్పుడు హ్యాండ్‌వీల్ తిప్పుతూ టెయిల్‌స్టాక్ (కుడి చివర జాబ్‌కి ఆసరా ఇచ్చే భాగం) వైపు తీసుకెళ్ళండి. మధ్యలోనే పట్టేసి కదలనంటే, బెడ్ చక్ దగ్గర బాగా అరిగిపోయిందని. చివరిదాకా ఒకేలా వెళ్తే అదృష్టమే. ముందువైపు 'వీ' గాడి పక్కన గోరుతో అడ్డంగా గీస్తే మెట్టు తగులుతుందేమో కూడా చూడండి.

స్పిండిల్‌కి (చక్‌ని తిప్పే ఇరుసుకి): చక్‌లో ఒక బలమైన రాడ్డు పట్టించి, డయల్ గేజ్‌ని స్పిండిల్ ముక్కు దగ్గర పెట్టి, రాడ్డును పైకీ కిందికీ లాగండి. 0.02, 0.03 మిల్లీమీటర్లు కదిలితే బేరింగ్ సర్దుబాటుతో సరిపోతుంది. పది పాయింట్లు కదిలితే, అంటే 0.1 దాటితే, బేరింగుల ఖర్చు బేరంలో తగ్గించుకోండి. టేపర్ రోలర్ బేరింగుల ప్రెసిషన్ రకాలు మామూలు లారీ బేరింగుల ధరకు రావు.

హెడ్‌స్టాక్ మూత తీయించి టార్చి వేసి ప్రతి గేరు పళ్ళూ చూడాల్సిందే. మూత తీయనంటే ఆ మిషన్ వద్దు. క్రాస్ స్లైడ్ (టూల్‌ని అడ్డంగా జరిపే భాగం) హ్యాండిల్‌లో పావు చుట్టు, అరచుట్టు ప్లే ఉన్నా కంగారు పడకండి, ఆ నట్టు కొత్తది చేయించుకోవచ్చు.

ఇంకో మూడు సంగతులు అడగండి. ఛేంజ్ గేర్ల సెట్టు పూర్తిగా ఉందా? లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు క్యారేజ్‌ని నడిపే పొడవాటి మర) అంగుళాలదా, మిల్లీమీటర్లదా? స్పిండిల్ ముక్కు థ్రెడ్‌దా (చక్ మరలా ఎక్కేది), కామ్‌లాక్‌దా (చక్ పిన్నులతో లాక్ అయ్యేది)? పాత వాటిలో లీడ్ స్క్రూ చాలాసార్లు అంగుళానికి నాలుగు చుట్లది ఉంటుంది. దాని మీద మెట్రిక్ మరలు కచ్చితంగా కొయ్యాలంటే 127 పళ్ళ గేరు కావాలి (అంగుళం 25.4 మిల్లీమీటర్లు, దాన్ని ఐదింతలు చేస్తే 127). ఆ ఒక్క గేరు లేకపోతే తర్వాత వెతుక్కోవడం పెద్ద తలనొప్పి. మూడోది, స్పిండిల్ ముక్కు ఎలాంటిదన్నది, కరెంటు సంగతి దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

చివరగా, మోటారు మీద ఉన్న రేకు ప్లేటును ఫోన్లో ఫోటో తీసుకోండి. హార్స్‌పవర్, వోల్టులు, ఆంప్‌లు, కనెక్షన్ స్టారా డెల్టానా (మోటారు వైండింగుల్ని కలిపే రెండు పద్ధతులివి). మీ ఇంట్లో ఈ మిషన్ ఎలా తిరగాలో నిర్ణయించేది ఆ ప్లేటే.

దింపడం

లేత్ బరువంతా హెడ్‌స్టాక్ వైపు, పైగా పైభాగంలో ఉంటుంది. అందుకే పక్కకు ఒరిగిందంటే ఆపే మొనగాడు లేడు, ఆపబోకండి కూడా, పక్కకు తప్పుకోండి. ఎత్తే ముందు చక్ విప్పేయండి, క్యారేజ్‌ని, టెయిల్‌స్టాక్‌ని కుడి చివరికి తోసి లాక్ చేయండి, బరువు కాస్త సమానమవుతుంది. హైడ్రా క్రేన్ వాళ్ళకు చెప్పాల్సిన మాట ఒక్కటే: బెల్టు బెడ్ కిందనుంచి, బెడ్ పక్కటెముకల దగ్గర రావాలి, లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్డు మీద ఒత్తిడి పడకూడదు. మధ్యలో చెక్క ముక్కలు పెట్టించండి. లీడ్ స్క్రూ ఒకసారి వంగిందంటే మళ్ళీ సరిగ్గా సాపు చేయడం మామూలు షాపుల్లో అయ్యే పని కాదు.

గేటు లోపలికి క్రేన్ రాకపోతే పైపు ముక్కలు, గడ్డపారలు. ఒకటిన్నర అంగుళం జీఐ పైపు ముక్కల మీద నలుగురు మనుషులు నెమ్మదిగా టన్నున్నర దొర్లించగలరు. ఒకేసారి ఒక చివరే ఎత్తాలి, అదీ అంగుళం మించకుండా, వెంటనే చెక్క పెట్టాలి.

నేల సంగతి ముందే తేల్చుకోండి. టైల్స్ మీద కుదరదు, మేడ మీద అసలు వద్దు. ఇనుప మెష్ వేసి ఆరంగుళాల మందం కాంక్రీటు పోయించి, మూడు నాలుగు వారాలు నీళ్ళు కొట్టి, ఆరాక పెట్టండి. నల్లరేగడి నేల అయితే మట్టి తవ్వించి గ్రావెల్ నింపి తొక్కించాకే కాంక్రీటు. లేకపోతే వానాకాలానికి ఒక లెవెల్, ఎండాకాలానికి ఒక లెవెల్ వస్తుంది, లేత్ ఎప్పుడూ టేపర్ (ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా) కోస్తూనే ఉంటుంది.

కడగడం

కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టం, డీజిల్ చాలు. గట్టిపడిన గ్రీజు, ఇనుప రజను కలిసి నల్లటి ముద్దలా ఉంటుంది, దాన్ని ముందు చెక్క పుల్లలతో గీకేసి, తర్వాత బ్రష్షు, కాటన్ వేస్ట్. బెడ్ మీద వైర్ బ్రష్షు పెట్టిన గ్రైండర్ గానీ, ఎమరీ పేపరు గానీ వాడొద్దు. పాత బ్లేడును పడుకోబెట్టి నూనె వేసి గీకితే పైతుప్పు ఊడొస్తుంది, మిగిలిన మరకలు అలాగే ఉండనివ్వండి, మరక వల్ల జాబ్ పాడవదు. ఎయిర్ కంప్రెసర్ పెట్టి ఊదకండి, రజనంతా స్లైడ్ల కిందకి, బేరింగుల్లోకి పోతుంది. ఇంకో కారణం కూడా ఉంది: పాత క్లచ్, బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది, ఆ దుమ్ము పీల్చకూడదు. పాత పెయింట్లలో సీసం కూడా ఉండొచ్చు, అందుకని పొడిగా సాన పట్టొద్దు, తడిపి గీకండి.

చిన్న భాగాలకు, హ్యాండిళ్ళు, బోల్టులు, ఛేంజ్ గేర్ల లాంటి వాటికి, చాకలి సోడా కలిపిన నీళ్ళ టబ్బు, ఒక 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు బాగా పనిచేస్తాయి. తుప్పు పట్టిన ముక్కకు మైనస్, పక్కన ముంచిన పాత ఇనుప రేకుకు ప్లస్. రేకు స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, దానిలోని క్రోమియం విషపూరితంగా నీళ్ళలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ కాబట్టి ఆరుబయటే చేయండి, పక్కన బీడీ కాల్చేవాణ్ణి దూరంగా పంపండి. చక్కెర ఫ్యాక్టరీ దగ్గరుండేవాళ్ళకు మొలాసిస్ దొరుకుతుంది, పది పాళ్ళ నీళ్ళలో ఒక పాలు కలిపి వారం పది రోజులు నానబెడితే తుప్పు తనే వదిలేస్తుంది. వాసన మాత్రం ఇంట్లో వాళ్ళు ఒప్పుకోరు.

హెడ్‌స్టాక్ నూనె

పాత నూనెను ఒక తెల్ల ట్రేలోకి వదలండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి. అడుగున సన్నని మెరుపు ఉండటం మామూలే, అయస్కాంతానికి పంటి ముక్కలు అంటుకుంటే మాత్రం మూత తీసి ఏ గేరుదో వెతకాలి. పసుపు మెరుపు అయస్కాంతానికి అంటకపోతే అది బుష్షుల కంచు. అడుగంతా డీజిల్‌తో కడిగి తుడిచి, 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ పోయండి, సర్వో సిస్టమ్ 68 ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. మిషన్ మీద ప్లేటు వేరే గ్రేడు చెబితే దాని మాటే వినండి. బెడ్‌కీ, స్లైడ్లకూ సర్వోవే 68 లాంటి స్లైడ్‌వే ఆయిల్. బైకు ఇంజిన్ ఆయిల్ పోయొద్దు. ఇంజిన్ ఆయిల్ మురికిని తనలో తేలేలా పట్టి ఉంచుతుంది, ఇంజిన్‌లో దాన్ని పట్టేందుకు ఫిల్టరుంటుంది, చాలా లేత్‌లలో ఉండదు.

బేరింగులు బాగున్నట్టనిపిస్తే విప్పొద్దు. దశాబ్దాలుగా ఒకచోట కూర్చున్న స్పిండిల్‌ని ఊరికే పీకి మళ్ళీ అంతే సరిగ్గా పెట్టడం కొత్తవాళ్ళ పని కాదు.

కరెంటు: అసలు కథ ఇక్కడే

ఈ మిషన్లన్నీ 415 వోల్టుల త్రీఫేజ్ మోటార్లతో వచ్చినవి. మన ఇళ్ళకు వచ్చేది 230-240 వోల్టుల సింగిల్ ఫేజ్. మార్గాలు నాలుగున్నాయి.

మొదటిది డిస్కమ్, అంటే కరెంటు పంపిణీ సంస్థ, దగ్గర త్రీఫేజ్ కనెక్షన్. ఏసీలు, గీజర్లతో మీ కాంట్రాక్టెడ్ లోడ్ ఇప్పటికే పెద్దదైతే ఎలాగూ త్రీఫేజ్ ఉండొచ్చు, మీటరు చూడండి. ఉంటే సగం పని అయిపోయినట్టే. కాకపోతే పక్కవాళ్ళ జాబులు డబ్బుకు చేయాలనుకుంటే అది గృహ కనెక్షన్ కేటగిరీ కిందకి రాదు, సెక్షన్ ఆఫీసులో అడిగి సరైన కేటగిరీ తీసుకోండి. పొలంలో బోరు కనెక్షన్ ఉంది కదా, షెడ్డు అక్కడే వేస్తా అనే ఆలోచన వద్దు, వ్యవసాయ కరెంటు పంపుసెట్టుకే. బోర్లకు పెట్టినట్టు కండెన్సర్ పెట్టి సింగిల్ ఫేజ్ మీద త్రీఫేజ్ మోటారు తిప్పడం కూడా వద్దు. తిరుగుతుంది, నిజమే. కానీ శక్తి బాగా పడిపోతుంది, వైండింగు వేడెక్కుతుంది, అదురు జాబ్ మీద గీతలుగా అచ్చుపడుతుంది.

రెండోది మోటారు తీసేసి సింగిల్ ఫేజ్ మోటారు పెట్టడం. ఒకటి రెండు హార్స్‌పవర్ల చిన్న లేత్‌కి సరే. మూడు హెచ్‌పీకి మాత్రం స్టార్టయినప్పుడల్లా ఇంట్లో లైట్లు మినుకుమంటాయి. పైగా ఇలాంటి మోటారు తిరుగుతుండగా లివర్ రివర్సుకు తిప్పితే అది వెనక్కి తిరగదు, అదే దిక్కులో పోతూనే ఉంటుంది. మరలు కోసేటప్పుడు ఇది ప్రమాదం.

మూడోది రోటరీ కన్వర్టరు, అంటే ఒక పెద్ద త్రీఫేజ్ మోటారును ఖాళీగా తిప్పి దాన్నుంచి మూడో ఫేజు పుట్టించడం. షెడ్డులో త్రీఫేజ్ మిషన్లు నాలుగైదు ఉంటే ఆలోచించదగ్గది. ఒక్క లేత్ కోసమైతే దాని మోత, స్థలం దండగ.

నాలుగోది వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్), షాపుల్లో 'డ్రైవ్' అంటారు. సింగిల్ ఫేజ్ 230 లోపలికి, త్రీఫేజ్ 230 బయటికి. ఇంటికి నేను చెప్పేది ఇదే. కానీ ఇక్కడే మోటారు ప్లేటు గుర్తుంచుకోవాలి: మామూలు సింగిల్ ఫేజ్ డ్రైవ్ 415 వోల్టులు ఇవ్వదు, 230-240 దాకానే.

మూడు హెచ్‌పీ, అంటే 2.2 కిలోవాట్లు, అంతకు తక్కువ మోటార్లు మన దగ్గర చాలావరకు 415 మీద స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి, అయినా ప్లేటు చూసి నిర్ధారించుకోండి. స్టార్‌లో ఒక్కో వైండింగు మీద పడేది 240 వోల్టులే. కాబట్టి అదే మోటారును డెల్టాగా మారిస్తే 240 త్రీఫేజ్ మీద పూర్తి శక్తితో తిరుగుతుంది. టెర్మినల్ పెట్టెలో ఆరు కొసలు, మూడు పట్టీలు ఉంటే పట్టీలు మార్చడమే పని: స్టార్‌లో పట్టీలు ఒక వరుసలోని మూడు కొసల్ని కలిపేస్తాయి, డెల్టాలో నిలువుగా ఒక్కోటి ఒక్కో జతను కలుపుతుంది. ఆంప్‌లు 1.73 రెట్లవుతాయి. ప్లేటు మీద 4.7 ఉంటే డెల్టాలో 8.1, డ్రైవ్‌లో పెట్టాల్సిన అంకె ఇదే, ప్లేటు మీదది కాదు.

పెట్టెలో మూడే కొసలుంటే స్టార్ పాయింటు లోపల వైండింగులో ముడేసి ఉంటుంది. దాన్ని బయటికి తీయడం రివైండింగు షాపు వాళ్ళకు పూట పని. ఈ విషయంలో మనం అదృష్టవంతులం, బోరు మోటార్లు కాలని ఊరు ఉండదు కాబట్టి వైండింగ్ షాపు లేని మండల కేంద్రమూ ఉండదు.

ఐదు హెచ్‌పీ, ఏడున్నర హెచ్‌పీ మోటార్లు 415కే డెల్టాలో ఉంటాయి. ఆరు కొసలు ఉన్నంత మాత్రాన సంబరపడకండి, అవి స్టార్-డెల్టా స్టార్టరు కోసం. వీటికి 240 ఇస్తే 29 హెర్ట్జ్ దాకానే పూర్తి టార్క్ వస్తుంది (50ని 240తో గుణించి 415తో భాగించండి), ఆ పైన బలం తగ్గుతూ పోతుంది. అలాంటప్పుడు మోటారును 240 డెల్టాకి రివైండ్ చేయించాలి, లేదా మూడు హెచ్‌పీ మోటారు పెట్టుకోవాలి. నా ఓటు రెండోదానికే. ఇంట్లో ఎవరూ షిఫ్టంతా లోతు కట్లు వేయరు, మూడు హెచ్‌పీ ధారాళంగా చాలు. ఫ్రేము సంగతి కూడా కలిసొస్తుంది: నాలుగు పోళ్ళ 2.2 కిలోవాట్ల మోటారు 100 ఫ్రేము, 3.7ది 112 ఫ్రేము, రెండింటికీ షాఫ్టు 28 మిల్లీమీటర్లే. అంటే కొత్త కొలతల్లో ఉన్న ఐదు హెచ్‌పీ మోటారు తీసేసి మూడు పెడితే అదే పుల్లీ పడుతుంది, కింద 12 మిల్లీమీటర్ల ప్యాకింగు వేస్తే చాలు, బోల్టు రంధ్రాలు మాత్రం కొత్తగా వేసుకోవాలి. మరీ పాత మోటార్ల కొలతలు వేరుగా ఉండొచ్చు, షాఫ్టును వెర్నియర్‌తో కొలిచి నిర్ధారించుకోండి.

డ్రైవ్ కొనకముందు మోటారుకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించండి. వైండింగుకూ బాడీకీ మధ్య ఒక మెగోమ్ కన్నా తక్కువ వస్తే కరెంటివ్వొద్దు. తడి పట్టిన మోటారయితే విప్పి ఎండలోనో, లోపల బల్బు వేలాడదీసో రెండు మూడు రోజులు ఆరబెడితే చాలాసార్లు కోలుకుంటుంది.

ఇక వైరింగు. 2.2 కిలోవాట్ల డ్రైవ్ పూర్తి లోడు మీద సింగిల్ ఫేజ్ నుంచి సుమారు 20 ఆంప్‌లు లాగుతుంది. గీజరు ప్లగ్గులో పెట్టే వస్తువు కాదు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరమైతే 6, సొంత ఎంసీబీ. కాంట్రాక్టెడ్ లోడ్ రెండు కిలోవాట్లే ఉంటే అది కూడా పెంచుకోండి. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, మిగతావి మీరు చేసుకున్నా సరే. ఎర్త్ డ్రైవ్‌కీ, మోటారుకీ, లేత్ బాడీకీ మూడింటికీ వెళ్ళాలి. డ్రైవ్‌లు స్వభావరీత్యా కాస్త కరెంటును ఎర్త్‌లోకి వదులుతాయి, అందుకే ఇంటికి పెట్టిన 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీ వస్తే పడిపోయే స్విచ్చు) ఊరికే పడిపోవచ్చు. పడిపోతోందని ఎర్త్ వైరు పీకేసేవాళ్ళున్నారు, అంతకన్నా పిచ్చి పని లేదు. డ్రైవ్ తయారీదారు చెప్పిన రకం ఆర్‌సీసీబీని ఆ లైనుకు విడిగా పెట్టించండి.

డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య ఏ స్విచ్చూ ఉండకూడదు. పాత స్టార్టరు, డ్రమ్ స్విచ్చు మోటారు లైనులోంచి తీసేయాలి. తిరుగుతుండగా మధ్యలో తెగితే డ్రైవ్ లోపలి భాగాలు పోతాయి. కానీ ముందుకూ వెనక్కూ లివర్ చేతికి అలవాటైనది, దాన్ని వదులుకోనక్కర్లేదు. దాని కింద ఉన్న కాంటాక్టుల్ని డ్రైవ్ చిన్న వోల్టేజీ కంట్రోల్ టెర్మినళ్ళకు కలిపితే పాత లివరే డ్రైవ్‌ని నడిపిస్తుంది. కూలెంట్ పంపు కూడా త్రీఫేజ్‌దైతే దాన్ని ఇదే డ్రైవ్‌కి కలపకండి, సింగిల్ ఫేజ్ పంపు పెట్టుకోండి. డ్రైవ్‌ని రజను పడని చోట, మూత ఉన్న పెట్టెలో, గాలి వచ్చే దారికి ఫిల్టరు పెట్టి బిగించండి. ఆపేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు కొన్ని నిమిషాలు ఉంటుంది, డ్రైవ్ మీద రాసినంత సేపు ఆగాకే మూత ముట్టాలి.

సెట్టింగుల్లో ముఖ్యమైనవి: మోటారు వోల్టులు 240, ఫ్రీక్వెన్సీ 50, ఆంప్‌లు డెల్టా లెక్క. స్పీడ్ అందుకోవడానికి మూడు నాలుగు సెకన్లు. ఆగడానికి ఎన్ని సెకన్లన్నది స్పిండిల్ ముక్కును బట్టి. చక్ మర మీద ఎక్కే రకమైతే గట్టిగా బ్రేకు పట్టినా, రివర్సులో కోసినా చక్ దానంతటదే ఊడి ఒళ్ళో పడుతుంది. అలాంటి వాటికి నిదానంగా ఆగేలా పెట్టండి. కామ్‌లాక్ ఉంటే బ్రేకింగ్ రెసిస్టర్ పెట్టి తొందరగా ఆపుకోవచ్చు. కనిష్ఠం 20 హెర్ట్జ్, గరిష్ఠం 60 చాలు. 20 కన్నా తగ్గిస్తే మోటారు ఫ్యాను గాలి చాలదు, హెడ్‌స్టాక్‌లో నూనె చిమ్మదు. తక్కువ స్పీడు కావాలంటే గేరు మార్చండి. డ్రైవ్‌తో స్పీడు తగ్గిస్తే బలం పెరగదు, గేరుతో తగ్గిస్తే పెరుగుతుంది. పెద్ద డ్రిల్లు వేసేటప్పుడు తేడా తెలిసిపోతుంది.

ఒక్క సెట్టింగు గురించి ప్రత్యేకంగా. జాబ్ తిరుగుతోంది, కరెంటు పోయింది. లివర్ 'ముందుకు' లోనే ఉండిపోయింది. మీరు చక్ కీ పెట్టి జాబ్ విప్పుతున్నారు. కరెంటు వచ్చింది. లివర్ ఆన్‌లో ఉంది కాబట్టి కొన్ని డ్రైవ్‌లు వెంటనే తిప్పేస్తాయి. పాత స్టార్టర్లలో కాయిల్ ఉండేది, కరెంటు పోతే వదిలేసేది, మళ్ళీ బటన్ నొక్కితేనే పట్టేది. డ్రైవ్ పెట్టినప్పుడు ఆ రక్షణ పోతుంది. కరెంటు వచ్చాక లివర్‌ని ఒకసారి న్యూట్రల్‌కి తెస్తే తప్ప స్టార్టవ్వకుండా ఉండే సెట్టింగు మాన్యువల్లో వెతికి ఆన్ చేయండి, ఆటో రీస్టార్ట్ ఆఫ్ చేయండి. మీ డ్రైవ్‌లో అది లేకపోతే ముందు ఒక చిన్న కాంటాక్టరు, స్టార్ట్, స్టాప్ బటన్లు పెట్టించండి. పెట్టాక మెయిన్ ఆపి, వేసి, నిజంగా ఆగి ఉంటుందో లేదో ఖాళీ స్పిండిల్‌తో చూడండి.

మొదటిసారి తిప్పడం

ముందు చేత్తో పూర్తిగా కొన్ని చుట్లు తిప్పండి, ఎక్కడా పట్టకూడదు. తర్వాత అన్నిటికన్నా తక్కువ గేరులో చక్ లేకుండా అరగంట. నూనె కిటికీలో నూనె కదలడం కనబడాలి. ఒక్కో గేరూ పెంచుకుంటూ పోండి, ముందు బేరింగు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి, వెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆపి బేరింగు బిగువు కాస్త వదలండి. ప్రతి చుట్టుకీ 'టక్' మంటే ఒక పన్ను దెబ్బతిన్నట్టు, ఎడతెగని ఈల లాంటి శబ్దం బేరింగుది. ఇప్పుడు తెలిసింది కదా ఏది విప్పాలో, అదొక్కటే విప్పండి.

గ్లౌజులు వద్దు. లుంగీ, భుజం మీద కండువా, పొడవు చేతుల చొక్కా, ఉంగరం, కడియం ఏవీ వద్దు. చున్నీ, జడ సంగతి చెప్పక్కర్లేదు. చక్ కీ చేతిలో ఉండాలి లేదా స్టాండులో ఉండాలి, చక్‌లో ఉండకూడదు.

లెవెల్

మేస్త్రీ వాడే స్పిరిట్ లెవెల్ దీనికి పనికిరాదు. మీటరుకు 0.02 మిల్లీమీటర్లు చూపించే మిషన్ లెవెల్ కావాలి, కొనక్కర్లేదు, మిషన్లు బిగించేవాళ్ళ దగ్గర ఒక పూటకు అడిగితే ఇస్తారు. బెడ్‌కి అడ్డంగా హెడ్‌స్టాక్ దగ్గర ఒకసారి, టెయిల్‌స్టాక్ చివర ఒకసారి పెట్టి చూడండి. బుడగ మధ్యలోనే ఉండాలని లేదు, రెండు చోట్లా ఒకే చోట ఉండాలి. లేత్ మొత్తం ఒక పక్కకు కాస్త వాలినా జాబ్‌కి తెలియదు, బెడ్ మెలి తిరిగితే మాత్రం ప్రతి జాబూ టేపరే. చాలామంది 'బెడ్ అరిగిపోయింది' అనుకునేది నిజానికి మెలే.

దానికి అసలు పరీక్ష ఇది. నలభై మిల్లీమీటర్ల రాడ్డును చక్‌లో పట్టించి ఆరేడు అంగుళాలు బయటికి ఉంచండి, టెయిల్‌స్టాక్ సెంటర్ పెట్టొద్దు. మధ్యభాగం సన్నగా తీసేసి రెండు చివర్లా ఒక్కో పట్టీ మిగల్చండి. పదునైన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూల్‌తో, సన్నని కట్టుతో, క్రాస్ స్లైడ్ ముట్టకుండా రెండు పట్టీల మీదా ఒకే పాసు వేసి మైక్రోమీటరుతో కొలవండి. టెయిల్‌స్టాక్ వైపు పట్టీ లావుగా వస్తే ఆ చివర మీవైపున్న కాలును కొంచెం పైకెత్తాలి, బెడ్ తిరిగి టూల్ జాబ్ మీదికి జరుగుతుంది. సన్నగా వస్తే అదే కాలును దించాలి. బోల్టును ఎనిమిదో వంతు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకండి, మళ్ళీ పాసు, మళ్ళీ కొలత. తేడా 0.01-0.02కి వచ్చాక ఆపేయండి. టెయిల్‌స్టాక్ సెంటర్ సరిచేయడం దీని తర్వాతే, ముందు చేస్తే రెండుసార్లు చేయాల్సొస్తుంది. నెల తర్వాత ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి మళ్ళీ చూడండి.

అరుగుదలతో ఎంత దాకా సర్దుకోవచ్చు

బెడ్ చక్ దగ్గర 0.1 మిల్లీమీటరు అరిగిందనుకోండి. టూల్ నిటారుగా 0.1 కిందికి దిగితే, యాభై మిల్లీమీటర్ల జాబ్ మీద వ్యాసంలో వచ్చే తేడా అర మైక్రాను కూడా ఉండదు. అదే టూల్ పక్కకు, అంటే జాబ్ నుంచి వెనక్కి, 0.1 జరిగితే వ్యాసం 0.2 పెరిగిపోతుంది. ముందూ వెనకా గాడులు రెండూ సమానంగా అరిగితే మొదటి రకం, ఒకటి ఎక్కువ అరిగినా, 'వీ' గాడి ముఖాలు ఏకరీతిగా అరగకపోయినా రెండో రకం వస్తుంది. అందుకని బెడ్ గ్రైండింగుకి పరుగెత్తే ముందు పై పరీక్షను చక్ దగ్గర, మధ్యలో, చివర చేసి చూసుకోండి. ఇంటి పనికి చాలా పాత లేత్‌లు అలాగే సరిపోతాయి.

గ్రైండింగు చేయిస్తే ఒకటి గుర్తుంచుకోండి: బెడ్ ఎంత తగ్గితే క్యారేజ్ అంత కిందికి దిగుతుంది, లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్డు వరుస తప్పుతాయి. దానికి క్యారేజ్ కింద టర్‌సైట్ (అరుగుదల తట్టుకునే ప్లాస్టిక్) పట్టీ అంటించి ఎత్తు సరిచేసి, బ్లూ పెట్టి, అంటే నీలి రంగు పూసి మిట్టలు కనిపెట్టి, స్క్రేపింగ్ చేసే మనిషి కావాలి. ఆ మనిషి ముందు దొరికితేనే బెడ్ గ్రైండింగుకి పంపండి.

దీనికన్నా ముందు చవకైన పనులు చాలా ఉన్నాయి. గిబ్‌లు (స్లైడ్ల బిగువు సర్దే పట్టీలు) సర్దండి, స్లైడ్ చేత్తో బిగువుగా, ఒకేలా కదలాలి. క్రాస్ స్లైడ్ నట్టును గన్‌మెటల్‌తో కొత్తది చేయించండి, పాత స్క్రూతో సహా ఇస్తే సరిగ్గా చేస్తారు. చక్ విప్పి లోపలి స్క్రోల్‌లో ఏళ్ళ తరబడి పేరుకున్న రజను తీసేయండి. సికింద్రాబాద్ ప్రాగా వాళ్ళ పాత చక్ మిషన్‌తో పాటు వస్తే పారేయకండి, శుభ్రం చేస్తే ఇంకా చాలా కాలం వస్తుంది. బ్యాక్ ప్లేటు (చక్ వెనక బిగించే ప్లేటు) ఊగుతుంటే దాన్ని వేరే షాపుకి ఇవ్వొద్దు, మీ స్పిండిల్ మీదే ఎక్కించి ఒక సన్నని పాసు వేయండి, అప్పుడే అది మీ మిషన్‌కి నిజంగా సరిపోతుంది.

అంగుళాల లీడ్ స్క్రూ మీద మెట్రిక్ మర కోసేటప్పుడు హాఫ్ నట్ (లీడ్ స్క్రూని పట్టుకునే రెండు ముక్కల నట్టు) మధ్యలో విప్పకూడదు. మర అయ్యేదాకా మూసే ఉంచి, ప్రతి పాసు చివరా టూల్ వెనక్కి లాగి, రివర్సులో తిప్పి మొదటికి రావాలి. డ్రైవ్ ఉంటే ఈ పని ఎంత హాయిగా ఉంటుందో చేసి చూస్తే తెలుస్తుంది. మర చక్ వాళ్ళు రివర్సులో టూల్ తగలకుండా, నిదానంగా.

పెయింటు

ఇన్నీ అయ్యి, ఓ నెల పని చేసి, ఇక విప్పే పని లేదని తేలాక వేయండి. నూనె మరక కొంచెం ఉన్నా పెయింటు పొరలుగా లేస్తుంది కాబట్టి థిన్నర్‌తో రెండుసార్లు తుడిచి, ఇపాక్సీ ప్రైమరు, దాని మీద పీయూ (పాలీయూరిథేన్) పెయింటు. మామూలు ఎనామిల్ కూలెంటుకూ నూనెకూ మెత్తబడుతుంది. పోత ఇనుము గరుకుగా ఉంటుంది, లప్పం పెట్టి అద్దంలా చేయాలని చూడకండి, మొదటి చక్ కీ దెబ్బకే పెచ్చు లేస్తుంది. బెడ్, స్లైడ్లు, డయల్ అంకెలు, నూనె పోసే రంధ్రాలు, మేకర్ ప్లేటు టేపుతో మూసేయండి. ముఖ్యంగా నూనె రంధ్రాలు. పెయింటుతో పూడిపోయిన వాటిని సూదితో తీసుకుంటూ కూర్చోవడం కన్నా ముందే ఒక్కో దాంట్లో అగ్గిపుల్ల గుచ్చి పెట్టడం తేలిక.

రంగు మీ ఇష్టం. నాకైతే పాత మిషన్లకు లేత బూడిద రంగే బాగుంటుంది, నూనె ఎక్కడ కారుతోందో దాని మీద వెంటనే కనబడుతుంది.